పిక్క తనిఖీ

సైకిలు తొక్కేవాడు కాలు ఆపినప్పుడల్లా సముద్రం కాస్త వెనక్కి జరుగుతుందన్న సంగతి శాఖలో అందరికీ తెలిసిందే కాబట్టి, వినుకొండ నుంచి సూర్యలంక తీరానికి బయలుదేరిన తాత్కాలిక ఉద్యోగులందరికీ ఫ్రీవీల్ లేని సైకిళ్ళే ఇచ్చారు. మామూలు సైకిలైతే దిగుడు వచ్చినప్పుడు కాళ్ళు ఆపి కూర్చోవచ్చు. వెనక చక్రం టకటకమంటూ తన పాటికి తాను తిరుగుతుంది. ఈ సైకిళ్ళలో ఆ సదుపాయం లేదు. పళ్ళచక్రాన్ని వెనక చక్రానికి కదలకుండా బిగించేశారు. చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరుగుతుంది, పెడలు తిరిగినంతసేపూ దానిమీది కాలు తిరుగుతుంది. విశ్రాంతి అనేదాన్ని సైకిల్లోంచే తీసేశామనీ, ఇక సముద్రం కదలడానికి వీల్లేదనీ శాఖవారు ప్రారంభోత్సవ సభలో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు.

సముద్రపు నీళ్ళలో రెండు పాదాలూ తడిసిన తాత్కాలిక ఉద్యోగి ఆ క్షణం నుంచి పర్మనెంటు అవుతాడు. అంతకుముందు పరీక్షలూ ఇంటర్వ్యూలూ ఉండేవి. వాటిలో చుట్టరికాలు నడుస్తున్నాయని గొడవ రావడంతో, ఎవరికీ చుట్టం కాని సముద్రానికి ఆ పని అప్పగించారు. దీన్ని తప్పుపట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు.

వినుకొండ నుంచి సూర్యలంకకు గట్టిగా తొక్కితే ఒక పగలు. బయలుదేరిన రోజున పంపు ఆపరేటరు అంకమ్మరావు మీసం నల్లగా ఉండేది. ఇప్పుడు అది పూర్తిగా నెరిసింది. నరసరావుపేట దాటారు, చిలకలూరిపేట దాటారు, బాపట్ల దాటారు. సూర్యలంక బోర్డు కూడా దాటి చాలా కాలమైంది. అక్కడికి చేరిన రోజున మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్ళున్నారు, ఇసకలో ఒరిగిన పడవలున్నాయి, ఒకామె గంపలో చేపలు పెట్టుకుని అమ్ముతోంది. సముద్రం మాత్రం లేదు. ఆ చేపలు ఎక్కడివని ఎవరూ అడగలేదు. బండ్లు ఆపితే సముద్రం ఇంకా జరుగుతుందన్న భయంతో ఇసకలోంచే ముందుకు తొక్కారు.

సముద్రం ఖాళీ చేసిన నేలమీద శాఖవారు వెంటనే రోడ్డు వేశారు. రోడ్డు పక్కన రంగు వేసిన హద్దురాళ్ళు పాతి ఇళ్ళస్థలాల వెంచర్లు వెలిశాయి, తర్వాత టీకొట్లు, ఆ తర్వాత ఒక బడి, పెట్రోలు బంకు. టీకొట్టువాడు పరిగెత్తుతూ గ్లాసు అందిస్తే తాగేసి తర్వాతి టీకొట్టులో ఇచ్చేయాలి. ఎవరి గ్లాసులు ఎవరివో తెలియక కొట్లవాళ్ళు మొదట్లో తగువులాడుకున్నారు కానీ, తర్వాత అలవాటుపడ్డారు.

చిక్కు వేరేచోట వచ్చింది. కాలు తిరగడం వేరు, కాలు తొక్కడం వేరు. సముద్రం అడుగున ఉండే నేల కాబట్టి ఆ రోడ్డు ఎప్పుడూ కొద్దిగా దిగుడే. దిగుడులో ఈ సైకిలు మీద కాలిని ఊరికే పెడలు మీద వదిలేసినా, అది మిగతావాళ్ళ కాళ్ళలాగే శ్రద్ధగా తిరుగుతూ కనిపిస్తుంది. ఎవడు పెడలును తొక్కుతున్నాడో, ఎవణ్ణి పెడలు తొక్కిస్తోందో కంటితో చూసి చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు. సముద్రం మాత్రం కనిపెట్టేస్తుంది.

అందుకని పిక్క తనిఖీ వచ్చింది. పర్యవేక్షకుడు విద్యాసాగర్ గారు వెనక జీపులోంచి పొట్టి ఈల వేయగానే, సైకిళ్ళ బారులో ప్రతివాడూ కాస్త పక్కకు జరిగి, ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని, రెండో చేత్తో తన ముందువాడి పిక్క నొక్కి చూడాలి. తొక్కేవాడి పిక్క రాయిలా ఉంటుంది. తొక్కనివాడిది మగ్గిన సపోటాలా ఉంటుంది. అందరికంటే వెనకున్నవాడి పిక్కను విద్యాసాగర్ గారే జీపులోంచి చెయ్యి చాచి చూస్తారు. అందరికంటే ముందున్నవాడికి ముందు సముద్రం తప్ప ఏమీ లేదు గనక అతనికి ఆ పని లేదు. కంప్యూటరు ఆపరేటరు మల్లీశ్వరి ఒక్కతే ఆడమనిషి కావడం వల్ల, ఆమె పిక్కను చేత్తో కాక చెక్క స్కేలుతో నొక్కాలని సవరణ ఉత్తర్వు వచ్చింది. సాయంత్రం పొడుగు ఈల వేశాక అందరూ కలిసి దిగితే అది శాఖ ఇచ్చిన విశ్రాంతి. దాన్ని సముద్రం పట్టించుకోదు.

ఇంత చేసినా సముద్రం వెనక్కి పోతూనే ఉంది. ప్రతి ఉదయం విద్యాసాగర్ గారు జీపు బానెట్ మీద నిలబడి బైనాక్యులర్స్‌లో ముందుకు చూసి, నిట్టూర్చి, ఒకే మాట చెప్పేవారు.

“నిన్నటికంటే ఇంకాస్త వెనక్కి పోయింది. మీలో ఎవరో తొక్కట్లేదు. ఎవరో నాకు తెలుసు. వాళ్ళే ఒప్పుకుంటే మర్యాదగా ఉంటుంది.”

ఎవరూ ఒప్పుకునేవారు కాదు. అందరూ ఒకరి కాళ్ళవంక ఒకరు చూసుకునేవారు. “తొక్కేవాళ్ళం తొక్కతానే ఉన్నాం. మా ఉసురు తగలాల్సినోళ్ళకి తగులుద్దిలే,” అనేది మల్లీశ్వరి, ఏ ఒక్కరినీ వదలకుండా వరసగా అందరి మొహాల్లోకీ చూస్తూ. ఎక్కువ తిన్నవాణ్ణి అనుమానించేవారు, తొక్కనివాడికి అంత ఆకలెందుకని. తక్కువ తిన్నవాణ్ణీ అనుమానించేవారు, తొక్కితే ఆకలెందుకు వేయదని. నిజంగా తొక్కినవాడి కాళ్ళు నిద్రలో కూడా ఆడుతూ ఉంటాయని ఎవరో అన్నప్పటినుంచి, అందరూ పడుకుని కాళ్ళు ఆడించడం నేర్చుకున్నారు. అలా ఆడిస్తూ ఉంటే నిద్ర ఎలా పడుతుందని అడిగినవాడు ఆ వారమంతా అనుమానితుడయ్యాడు.

అంకమ్మరావు అందర్నీ అనుమానించేవాడు, ఒక్క యలమందను తప్ప. యలమంద అదే ఆఫీసులో కాపలాదారు. ఇద్దరూ చుట్టాలు కాకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళు. యలమందను అనుమానించకపోవడానికి కారణం స్నేహమని పైకి అనుకున్నా, అసలు కారణం వేరు. అంకమ్మరావు ఎడమ మోకాలు అరిగిపోయింది. దిగుడు కాస్త ఎక్కువైతే చాలు, ఆ కాలు తనకు తెలియకుండానే పెడలు మీద వాలిపోయేది. అప్పట్లో బారులో అతని వెనక ఉన్నది యలమంద. ఈల వేసినప్పుడల్లా యలమంద వేళ్ళు ఆ మెత్తటి పిక్కను నొక్కేవి. ఒక్క క్షణం ఆగేవి. తర్వాత యలమంద గట్టిగా, “రాయే!” అని కేక పెట్టేవాడు. దాని గురించి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. సాయంత్రాలు యలమంద తన తువ్వాలు చింపి ఆ మోకాలికి కట్టు కట్టి, గోంగూర అన్నంలో సగం పెట్టేవాడు.

ఈమధ్య చీటీలు తీసి వరస మార్చారు. అంకమ్మరావు అందరికంటే వెనక్కి పోయాడు, యలమంద సరిగ్గా అతని ముందుకొచ్చాడు. ఇప్పుడు అతని పిక్క మీద పడేది విద్యాసాగర్ గారి చెయ్యి.

ఆరోజు పొట్టి ఈల వేశారు. అంకమ్మరావు ముందుకు వంగి యలమంద పిక్క నొక్కాడు. వేళ్ళు నొప్పిపుట్టేంత గట్టిగా ఉంది. అదే సమయంలో జీపులోంచి చల్లటి చెయ్యి వచ్చి అతని పిక్క పట్టుకుంది. పట్టుకోవలసినదానికంటే కాస్త ఎక్కువసేపే పట్టుకుంది. భయంతో తల వంచుకున్న అంకమ్మరావుకు తలుపులేని జీపులో విద్యాసాగర్ గారి చెప్పులు కనిపించాయి. చెప్పులు తడిగా ఉన్నాయి. అంచులకు ఇసక అంటుకుని ఉంది. ఒక పట్టీలో చిటికెన గోరంత గవ్వ ఇరుక్కుని ఉంది. జీపులోంచి వేయించిన చేప వాసన వస్తోంది.

“అయ్యా, చెప్పులకి ఆ ఇసకేందండీ?” అన్నాడు, పెడలు తొక్కుతూనే.

“వాగులో దిగాను. వాగు ఇసుక,” అన్నారు విద్యాసాగర్ గారు చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

“అట్టాగాండి.”

బాపట్ల దాటాక వాళ్ళకు వాగన్నది కనపడలేదు. సముద్రపు అడుగున వాగులుండవు.

ఆ సాయంత్రం పొడుగు ఈల వేశాక అందరూ బడి వరండాలో చేరారు. జీపు ఎప్పటిలాగే వెనక్కి, బాపట్ల వైపుకి వెళ్ళడానికి సిద్ధంగా నిలబడి ఉంది. అంకమ్మరావు గొంతు తగ్గించి గవ్వ సంగతి చెప్పాడు. యలమంద క్యారేజీ మూత తీస్తూ తల ఊపాడు.

“నేనూ చూశాలే బావా. రోజూ జీపు ఎనక్కే పోద్ది. సముద్రం ముందుంటే ఎనక్కెందుకు పోద్ది?”

“డీజిలుకని చెప్పారు గదా.”

యలమంద రోడ్డు అవతలికి చూపించాడు. బడికి ఎదురుగ్గానే బంకు ఉంది. అంకమ్మరావు ఆ బంకును అప్పటిదాకా చూస్తూనే ఉన్నాడు.

“రేపు పొద్దున నేను ఎనక్కి పోతన్నా. జీపు జాడ పట్టుకుని పోతే ఎక్కడ ఆగిందో అదే గదా సముద్రం. నువ్వూ రా బావా. అందరం పోదాం.”

“ఎనక్కి తొక్కనిస్తారంటావా?”

“ఈ బండ్లకి ముందూ ఎనకా ఒకటే. పెడలు ఎటు తొక్కితే అటే పోద్ది. మనకి ఇచ్చినోళ్ళు ఆ మాట మర్చిపోయుంటారు.”

అంకమ్మరావు ముద్ద కలుపుతూ ఆలోచించాడు. యలమంద చెప్పినదాంట్లో తప్పు వెతికాడు. దొరకలేదు. తప్పు దొరకని మాట చెప్పేవాడి మీద అనుమానం రావడం సహజమే గనక యలమంద మీద అనుమానం వచ్చింది. తన పిక్క మెత్తనని తెలిసి కూడా ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు? ఊరికే ఎవరైనా అంత మంచి చేస్తారా? వెనక్కి తీసుకుపోయి, అక్కడ సముద్రం లేకపోతే, తొక్కనివాడు ఇతనేనని చూపించి తను తప్పించుకోడని ఏమిటి నమ్మకం? ముందున్న గోంగూర అన్నాన్ని పక్కకు నెట్టాడు.

అప్పుడే జీపు డ్రైవరు వచ్చి, అయ్యగారు పిలుస్తున్నారని చెప్పాడు.

విద్యాసాగర్ గారు అతన్ని వెనక సీట్లో కూర్చోమన్నారు. పెడలు లేని సీటు మీద కూర్చుని ఎన్నేళ్ళయిందో. నడుం వాల్చాడు గానీ కాళ్ళు గాలిలో గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. రెండు చేతులతో మోకాళ్ళు నొక్కి పట్టుకున్నాడు.

“మోకాలు నొప్పా?”

“కొంచెమండి.”

“నీ పిక్క మెత్తగా ఉంది. ఇవాళ కాదు, నువ్వు వెనక్కి వచ్చిన రోజునుంచీ. నీ పేరు పైకి పంపలేదు. కానీ ఒక పేరు పంపాలి. సముద్రం అన్నాక ఊరికే వెనక్కి పోదు కదా.”

“చిత్తమండి.”

“ఈ సీటు కూడా ఖాళీగా ఉంది. సహాయ పర్యవేక్షకుడు కావాలి. మోకాళ్ళతో పని లేదు, చెయ్యి బాగుంటే చాలు.” విద్యాసాగర్ గారు జీపులోంచి వరండా వైపు చూశారు. అక్కడ అందరూ కాళ్ళు ఆడిస్తూ కూర్చున్నారు. “ఎవరంటావు?”

అంకమ్మరావుకు వయసు గుర్తొచ్చింది. ఇంకొన్నాళ్ళకు తడి పాదాలున్నా శాఖ తీసుకోని వయసు వచ్చేస్తుంది. మోకాలు గుర్తొచ్చింది. ఆ సీటు మెత్తగా ఉంది.

“యలమంద అండి.”

“పిక్క చూశావా?”

“చూశానండి. మెత్తగా ఉంది.”

ఆ మాట అంటున్నప్పుడు, ఉదయం ఆ పిక్కను నొక్కిన వేళ్ళు ఇంకా నొప్పిగానే ఉన్నాయి. అతనికి సిగ్గేసింది. ఆ సిగ్గు మోకాలి నొప్పికంటే చిన్నదిగా ఉందని గమనించి ఇంకాస్త సిగ్గేసింది. విద్యాసాగర్ గారు మాత్రం ఇంకేమీ అడగలేదు.

నిర్ణయం వరండాలోనే ప్రకటించారు. తొక్కనివాడు సైకిలు అప్పగించి, నడిచి వినుకొండ వెళ్ళి, తర్వాతి జట్టులో చివరివాడుగా చేరాలి. యలమంద లేచి సైకిలు తెచ్చి గోడకు ఆనించాడు. తిట్టలేదు, ప్రమాణాలు చేయలేదు. జీపులో కూర్చున్న అంకమ్మరావు దగ్గరికి వచ్చి మోకాలి వంక చూశాడు.

“ఆ కట్టు ఇప్పి మళ్ళీ కట్టుకో బావా. మరీ బిగుసుకుపోయింది,” అని చెప్పి, తువ్వాలు భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాడు.

జట్టులో అందరికీ ప్రాణం తేలికపడింది. తనకు మొదటినుంచీ అనుమానమేనని మల్లీశ్వరి చెప్పింది. తమకూ అంతేనని మిగతావాళ్ళు చెప్పారు. ఆ పూట అందరూ మారు వడ్డించుకుని తిన్నారు.

జీపు బయలుదేరింది. రోడ్డు మీదికి ఎక్కగానే డ్రైవరు ఇంజను ఆపేసి న్యూట్రల్‌లో వదిలేశాడు. అది ఎగుడు దారి అయినా జీపు తనంతట తాను పైకి దొర్లుకుంటూ పోయింది. పర్మనెంటువాళ్ళ బండ్లకు అది మామూలేనట. ఏళ్ళ తరబడి తొక్కిన ఊళ్ళు, వెంచర్ల రంగురాళ్ళు, గ్లాసులు మారిన టీకొట్లు ఒక వక్కపొడి నమిలేంతలో వెనక్కి పోయాయి. సూర్యలంక బోర్డు దగ్గర జీపు ఆగింది. ఇంకా పొద్దు గుంకలేదు.

అంకమ్మరావు దిగి వెనక్కి తిరిగి చూశాడు. తాము వచ్చిన రోడ్డు లేదు. అది ఉండాల్సిన చోట, ఈ చివరనుంచి ఆ చివరదాకా, నీళ్ళు. పిల్లలు అలల్లో కేరింతలు కొడుతున్నారు. మొక్కజొన్న పొత్తులవాళ్ళు, చేపల గంప ఆవిడ ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు.

“ఎప్పటినుంచి ఉందండీ ఇక్కడ?” అన్నాడు.

“ఎప్పటినుంచో ఏమిటయ్యా? సముద్రం ఎక్కడికి పోతుంది?” అన్నారు విద్యాసాగర్ గారు, చేపలు వేయించమని ఒడ్డునున్న పాకలోకి కేకవేస్తూ. “పోయేది మీకు. మాకు ఇక్కడే ఉంటుంది.”

అంకమ్మరావు చెప్పులతోనే నీళ్ళలోకి నడిచాడు. ఒక అల వచ్చి రెండు పాదాలూ తడిపి వెళ్ళింది. అంతే, పర్మనెంటు అయిపోయాడు. ఏడుపొచ్చింది. ఏడుస్తూ కాళ్ళవంక చూసుకుంటే, ఆడకుండా నిలబడి ఉన్నాయి.

అప్పుడు నీళ్ళలోంచి యలమంద వచ్చాడు. నడిచేవాడు ఇంత తొందరగా ఎలా వచ్చాడనిపించవచ్చు. వెనక్కి పంపినవాళ్ళకు దారి ఎప్పుడూ దగ్గరే, ఆ విషయంలో శాఖ ఉదారంగానే ఉంటుంది. యలమంద రోడ్డు మీద నడిచినట్టే సముద్రంలో నడుస్తూ వస్తున్నాడు. అలలు అతని ఛాతీలోంచి పోతున్నాయి. భుజం మీది తువ్వాలు పొడిగా ఉంది. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా పాదాల దగ్గర దుమ్ము లేస్తోంది.

“బావా, నువ్వా?” అన్నాడు, నడుంలోతు నీళ్ళలో ఆగి. “జీపు జాడ ఇక్కడిదాకా వచ్చింది. ఇక్కడే ఉండాలి గదా సముద్రం. నాకేం కనపడట్లా.” చేయి అడ్డంపెట్టుకుని అటూ ఇటూ చూశాడు. ఒక పిల్లవాడు చల్లిన నీళ్ళు అతని మొహంలోంచి దూసుకుపోయాయి. “నీకేమన్నా కనపడతందా?”

పాకలోంచి విద్యాసాగర్ గారు చూస్తున్నారు. పలకడానికి అంకమ్మరావు నోరు తెరిచాడు. ఉందని చెబితే ఏమవుతుంది? యలమంద పాదాలు తడుస్తాయా, లేక తన పాదాలే ఆరిపోతాయా? దీని గురించి ఏ ఉత్తర్వూ లేదు. కాళ్ళకింద ఇసక జారుతోంది. ఇంకాస్త గట్టిగా నిలబడ్డాడు.

“లేదు బావా,” అన్నాడు. “ఇంకా ముందుకి పోవాలంట.”

యలమంద తువ్వాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

“అంతే అయ్యుంటది,” అన్నాడు. “నేనే అనవసరంగా అనుమానపడ్డా. పాపం, పెద్దాయన్ని ఎన్ని మాటలన్నానో. ఆయనతో ఏం చెప్పబాక బావా.”

అంకమ్మరావు చెప్పనని మాటిచ్చాడు. యలమంద ఒడ్డెక్కి, మొక్కజొన్న పొత్తులవాళ్ళ పక్కగా, బాపట్ల రోడ్డు పట్టుకుని వినుకొండ వైపు వెళ్ళిపోయాడు. వేడిగా ఉన్నప్పుడే తినమని విద్యాసాగర్ గారు పిలిచారు. చేప చాలా బాగుంది. అంకమ్మరావు తిన్నాడు.

మర్నాడు ఉదయం విద్యాసాగర్ గారు బానెట్ ఎక్కి బైనాక్యులర్స్‌లో చూసి నిట్టూర్చారు. సముద్రం ఇంకాస్త వెనక్కి పోయింది. యలమందను పంపేశాక కూడా ఇలా జరిగిందంటే, అతనికి తోడుగా ఇంకొకరు ఎవరో ఉండి ఉండాలి. జట్టంతా ఒకరి కాళ్ళవంక ఒకరు చూసుకుంది. ఈల వేశారు. బండ్లు కదిలాయి.

ఇప్పుడు అందరికంటే వెనక మల్లీశ్వరి ఉంది. పొట్టి ఈల పడగానే అంకమ్మరావు చెక్క స్కేలు పట్టుకుని జీపులోంచి వంగాడు. ఆమె పిక్క మీద స్కేలు టక్కుమంది. రాయిలా ఉంది. అయినా అతను స్కేలు తీయకుండా కాసేపు అలాగే నొక్కిపెట్టాడు. ఇంత గట్టిగా ఎందుకుంది? దాచేదేమీ లేనివాళ్ళ పిక్క ఇంత గట్టిగా ఉంటుందా?

తల తిప్పిన మల్లీశ్వరి చూపు జీపులోకి పోయింది. అతని చెప్పుల దగ్గర ఆగింది.

“అంకమ్మరావన్నా, ఆ ఇసకేంది?”

“వాగులో దిగానమ్మా,” అన్నాడు అంకమ్మరావు. “వాగు ఇసక.”

మల్లీశ్వరి అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. పెడలు తిరుగుతూనే ఉంది, ఆమె కాలు తిరుగుతూనే ఉంది. “అట్టాగా,” అంది. తర్వాత ముందుకు వంగి, తన ముందువాడి పిక్కను పట్టుకుని, వాడు అబ్బా అని అరిచేదాకా నొక్కింది.